వదులు అంగీలు, మన ఎండలు



ఈమధ్య మన పల్లెల్లో తల్లిదండ్రులు గురువుల దగ్గరకు తెచ్చే ఫిర్యాదుల్లో కొత్తది ఒకటి చేరింది. అది చదువు గురించి కాదు, సెల్‌ఫోను గురించి కూడా కాదు, అంగీ గురించి. "మావాడు ఇద్దరు దూరేటంత అంగీ తొడుక్కుంటుండు ఫాదర్. భుజం కుట్టు మోచేతి కాడికొస్తది, అంచు తొడల దాంక ఏలాడుతది. జర మీరన్న చెప్పుండ్రి" అని ఒక తల్లి. "పైసలు పెట్టి కొనేదేదో కొలతకు సరిపోయేది కొనుక్కోవచ్చు గద" అని ఒక తండ్రి. ఆ పిల్లవాణ్ణి అడిగితే ఒకే మాట చెబుతాడు: "ఫ్రీగ ఉంటది ఫాదర్."

ఈ మూడు మాటల్లోనూ నిజం ఉంది. అందుకే ఈ వారం పాఠానికి ఈ విషయాన్నే తీసుకుందాం. ఖిల్లా ఘణపూర్ గుట్టల మధ్య, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ ప్రాంతాల ఎండలో బతికే మనకు బట్టల సంగతి పైపై సంగతి కాదు. ఒక్కోసారి అది ప్రాణానికి సంబంధించిన సంగతి.

ముందుగా పెద్దవారికి ఒక వివరణ. పిల్లలు 'ఓవర్‌సైజ్' అనేది పొరపాటున కొన్న పెద్ద సైజు అంగీ కాదు. దాన్ని కావాలనే అలా కత్తిరిస్తారు. భుజం కుట్టు భుజం మీద ఉండదు, దండ మీదికి జారుతుంది. చేతులు వెడల్పుగా మోచేతి దాకా ఉంటాయి. దానికి జోడీగా కాళ్ల దగ్గర గాలి ఆడే బ్యాగీ ప్యాంటో, పక్కన పెద్ద జేబులున్న కార్గో ప్యాంటో వేస్తారు. చలికాలమైతే టోపీ కుట్టిన హుడీ. కొందరు చలికాలం దాకా ఆగరు, నడి మే నెలలో కూడా అదే వేస్తారు. ఆ సంగతి తర్వాత చూద్దాం.

ఇప్పుడు ఎండ సంగతి. మన శరీరం లోపలి వేడి సుమారు 37 డిగ్రీలు, చర్మం మీద సుమారు 35 డిగ్రీలు. బయటి గాలి అంతకన్నా చల్లగా ఉంటే ఒంట్లోని వేడి గాలిలోకి పోతుంది. కాని పాలమూరు మే నెలలో గాలి 42, 43 డిగ్రీలకు చేరడం మనకు కొత్త కాదు. అప్పుడు వేడి ఒంట్లోనుంచి గాలిలోకి పోదు, గాలిలోనుంచే ఒంట్లోకి వస్తుంది. ఆ సమయంలో దేవుడు మనిషికిచ్చిన దారి ఒక్కటే మిగులుతుంది, అది చెమట. చెమట పుట్టినంత మాత్రాన చల్లబడం, అది ఆవిరి కావాలి. ఒక లీటరు చెమట ఒంటిమీద ఆవిరైతే సుమారు 580 కిలో క్యాలరీల వేడిని వెంట తీసుకుపోతుంది. అదే చెమట ధారగా కారి నేలపాలైతే మనకు దక్కేది దాహమే.

కాబట్టి ఎండాకాలపు బట్టను అడగవలసిన ప్రశ్నలు రెండు. ఎండ నేరుగా చర్మం మీద పడకుండా ఆపుతున్నదా? ఆపుతూనే చర్మానికి గాలి అందనిస్తున్నదా? అంగీ లేకుండా పొలంలో నిలబడినవానికి గాలి అందుతుంది గాని ఎండ నేరుగా కాలుస్తుంది. ఒంటికి అతుక్కున్న బిగుతు జీన్సు, బిగుతు టీషర్టు ఎండను ఆపుతాయి గాని గాలిని రానీయవు. వదులు బట్ట రెండు పనులూ చేస్తుంది. నడిచినప్పుడల్లా అది కమ్మరి కొలిమితిత్తిలాగా ఊపిరి తీస్తుంది. కింది అంచు నుండి గాలి లోపలికి వచ్చి, వేడెక్కి, పైకి లేచి, మెడ దగ్గర బయటికి పోతుంది. ఇంటికి పొగగొట్టం ఎలాగో ఒంటికి వదులు అంగీ అలాగ.

దీన్ని పరీక్షించి చూసినవారున్నారు. ఎడారిలో తిరిగే బెదూయిను గొర్రెల కాపరులు నల్లని పొడుగు అంగీలు ఎందుకు వేసుకుంటారన్న ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలాకాలం వేధించింది. నలుపు ఎండను ఎక్కువ తాగుతుంది గదా! ష్కోల్నిక్, టేలర్, ఫించ్, బోరుట్ అనే నలుగురు పరిశోధకులు నల్ల అంగీ, తెల్ల అంగీ, సైనికుల దుస్తులు, పొట్టి నిక్కరు వేయించి మనిషిని ఎడారి ఎండలో నిలిపి వేడిని కొలిచారు. 1980లో 'నేచర్' పత్రికలో ఫలితం అచ్చయింది. నల్ల అంగీ ఎండను ఎక్కువగా తాగిన మాట నిజమే. కాని ఆ అదనపు వేడి చర్మం దాకా చేరలేదు, అంగీకి ఒంటికి నడుమ కదిలే గాలి దాన్ని బయటికి మోసుకుపోయింది. నలుపు తొడిగినా తెలుపు తొడిగినా ఒంటికి చేరిన వేడి ఒక్కటే.

ఇది చదివి మన యువకులు "చూశారా ఫాదర్, నల్ల టీషర్టు మంచిదే" అని సంతోషించకూడదు. బెదూయిను అంగీ మడమల దాకా ఉంటుంది, నలుదిక్కులా గాలి ఆడుతుంది. మీ టీషర్టు ఎంత పెద్దదైనా భుజాల మీద, వీపు పైభాగాన ఒంటికి ఆనే ఉంటుంది. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడేది కూడా అక్కడనే. ఇక వీపుకు కాలేజీ సంచి తగిలిస్తే గాలి దారి మూసుకున్నట్టే. అందుచేత ఎండలో నడిచేవారికి, సైకిలు మోటారు సైకిలు మీద పోయేవారికి తెలుపు, లేత రంగులే మేలు.

అసలు చిక్కు సైజులో లేదు, బట్టలో ఉంది. పిల్లలు ఫోనులో అంగీ కొనేటప్పుడు కింద చిన్న అక్షరాలలో జి.ఎస్.ఎం. అని ఒక అంకె ఉంటుంది. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె అది. మామూలు టీషర్టు 160, 180 ఉంటుంది. ఓవర్‌సైజ్ అంగీలకు 220, 240 అని గొప్పగా ప్రకటిస్తారు, ఎందుకంటే బట్ట మందంగా ఉంటేనే అది ఒంటి మీద సోలిపోకుండా పెట్టెలాగా నిలబడుతుంది. ఆ నిలబడే ఆకారమే ఈ ఫ్యాషనుకు ప్రాణం. అంత మందపు బట్ట, అదీ మామూలుకన్నా ఎక్కువ వైశాల్యం, పావు కిలోకు పైగా తూగుతుంది. లండను చలికి, న్యూయార్కు చలికి పుట్టిన కొలత అది. దాన్ని ఖిల్లా ఘణపూర్ బస్టాండులో మే నెల మిట్టమధ్యాహ్నం తొడిగితే వదులు వల్ల వచ్చిన లాభాన్ని మందం తినేస్తుంది.

నూలా, పాలిస్టరా అన్నది మరో ప్రశ్న. నూలు తన బరువులో సుమారు ఎనిమిది శాతం తేమను గాలిలోనుంచే పీల్చుకోగలదు. పాలిస్టరు అర శాతం కూడా పీల్చదు. అందుకే నూలు చెమటను తాగుతుంది, పాలిస్టరు చెమటను పైపైన నిలుపుతుంది. అయితే న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. ఆటగాళ్ల కోసం సన్నగా, రంధ్రాలుంచి నేసిన పాలిస్టరు చెమటను పరచి త్వరగా ఆరబెడుతుంది. మందపు నూలు తడిసి ముద్దయితే సాయంత్రం దాకా ఆరదు. కాబట్టి "నూలైతే చాలు" అనేది కూడా సగం మాటే. పల్చని, ఎడంగా నేసిన నూలు కావాలి. దుకాణంలో తల్లులు చేయగల పరీక్ష ఒకటుంది. బట్టను నోటికి ఆనించి, అవతల అరచేయి పెట్టి ఊదండి. ఊపిరి చేతికి తగిలితే కొనండి. తగలకపోతే దాన్ని చలికాలానికి ఉంచండి.

హుడీ సంగతి ఇక్కడ చెబుతాను. దాని మణికట్ల దగ్గర, నడుము దగ్గర సాగే పట్టీ ఉంటుంది. అంటే గాలి వచ్చే దారి, పోయే దారి రెండూ మూసేశారన్నమాట. వదులుగా ఉన్నా అది పొగగొట్టం కాదు, మూతపెట్టిన కుండ. చలిదేశంలో అదే దాని గుణం. మన ఎండలో అదే దాని దోషం. 2015 మే నెల వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోనే రెండు వేల మందికి పైగా చనిపోయారని మరువకండి. వారిలో చాలామంది కూలి కోసం ఎండలో నిలబడినవారు, వయసు మళ్లినవారు. యువకుల ఒళ్లు గట్టిది నిజమే గాని, నడి ఎండలో క్రికెట్టు ఆడే పిల్లవాడు మందపు హుడీలో ఉంటే తల తిరగడం, వాంతి, మాట తడబడడం మొదలైన క్షణాన ఎవరూ ఫ్యాషను గురించి ఆలోచించరు. అటువంటప్పుడు ముందు ఆ హుడీ తీసేయండి, నీడకు చేర్చండి, ఒళ్లంతా తడిపి విసరండి, ఆసుపత్రికి పట్టుకుపోండి. మాట తడబడుతున్నవానికి, స్పృహ తప్పినవానికి నోట్లో నీళ్లు పోయకండి.

ఇప్పుడు పెద్దవారి వైపు తిరుగుతాను. వదులు బట్ట మన పిల్లలు కనిపెట్టింది కాదు, మన తాతలు వదిలిపెట్టింది. పంచె, దానిపైన గుండీలు విప్పిన వదులు అంగీ, తలకు రుమాలు, ఇది పాలమూరు రైతు వేషం. కురుమలు భుజాన వేసుకునే గొంగడికి కొలతే లేదు. వానకు గొడుగు, చలికి దుప్పటి, నేల మీద పరుపు అన్నీ అదే. వేడి దేశాల్లో గురువులకు తెల్లని పల్చటి నిలువుటంగీ అలవాటైంది కూడా ఊరికే కాదు. (పిల్లలు నవ్వుతారేమో గాని, మన విచారణలన్నింటిలో అందరికన్నా ముందు ఓవర్‌సైజ్ తొడిగినవారు గురువులే.)

గద్వాల చీర సంగతి కూడా చూడండి. ఒంటిని తాకే భాగమంతా నూలు, అంచూ కొంగూ పట్టు, జరీ. ఆ రెండింటినీ మగ్గం మీదనే పోగుకు పోగు కలిపి నేయడం నేతగాని విద్య. పట్టుచీర మొత్తం కట్టుకుని పెళ్లిలో చెమటలు కక్కడమెందుకు, ఒంటికి నూలు ఇద్దాం, కంటికి పట్టు ఇద్దాం అనుకున్న బుద్ధి అందులో ఉంది. హాయికీ మర్యాదకూ పోట్లాట లేదని మన నడిగడ్డ నేతగాళ్లు అంచు నేసి మరీ చూపించారు. మన పిల్లలకు స్టైలు గురించి చెప్పాలనుకుంటే ముందు ఆ చీరను చూపించండి.

బిగుతు బట్టలే మన దగ్గరికి ఆలస్యంగా వచ్చాయి. 1970లలో యువకులు కాళ్ల దగ్గర గంటలాగా విచ్చుకునే బెల్‌బాటం తొడిగితే అప్పటి తండ్రులు కోప్పడ్డారు. 1994లో 'ప్రేమికుడు' సినిమాలో ప్రభుదేవా గాలికి ఊగే ప్యాంట్లతో నాట్యం చేశాక ఊరూరా బ్యాగీ ప్యాంట్లు కుట్టించారు. ఇప్పుడు కొడుకును కోప్పడే నాన్నగార్లలో కొందరి పెళ్లినాటి ఆల్బములు తెరిచి చూస్తే బాగుంటుంది. ఆ తర్వాత సాగే దారం కలిపిన జీన్సు వచ్చింది. ఆ దారాన్ని, అంటే లైక్రాను, 1958లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. దానితో మగపిల్లలు కూడా కాలికి అతుక్కుపోయిన ప్యాంట్లు తొడిగారు. అప్పుడూ మనం "ఇదేం ప్యాంటురా, కూర్చుంటే చినుగుతది" అన్నాం. బిగుతైనా తప్పే, వదులైనా తప్పే అంటే పిల్లలు మన మాటను బట్ట గురించిన మాటగా ఎందుకు తీసుకుంటారు?

పెద్ద బట్టల మీద పెద్దల కోపం ఎక్కడిదాకా పోగలదో చెప్పే ఒక చరిత్ర ఉంది. అమెరికాలో 1940లలో నల్లజాతి యువకులు, మెక్సికో మూలాలున్న యువకులు 'జూట్ సూట్' అనే వెడల్పు కోటు, వదులు ప్యాంటు తొడిగేవారు. యుద్ధకాలం కావడంతో 1942లో ప్రభుత్వం ఉన్ని వాడకం మీద ఆంక్షలు పెట్టింది. అంత బట్ట తొడగడం దేశద్రోహమన్నట్టు పత్రికలు రాశాయి. 1943 జూన్‌లో లాస్ ఏంజెలస్ నగరంలో సైనికులు, నావికులు వీధుల్లో పడి ఆ యువకులను కొట్టి, ఒంటిమీది బట్టలు చించారు. దెబ్బలు తిన్నవారినే పోలీసులు ఎక్కువగా అరెస్టు చేశారు. కోపం నిజంగా ఉన్ని మీదనా? కాదు, తొడిగినవారి రంగు మీద, జాతి మీద. ఈ వదులు దుస్తులు మళ్లీ 1980లు, 90లలో న్యూయార్కు పేదవాడల హిప్‌హాప్ పాటగాళ్ల ద్వారా, కాలిఫోర్నియా సముద్రపు ఒడ్డు కుర్రాళ్ల ద్వారా, జపాను, కొరియాల ద్వారా లోకమంతా తిరిగి మన ఫోనులోకి వచ్చాయి. బ్యాగీ ప్యాంటు చూడగానే "రౌడీలాగున్నాడు" అని తీర్పు చెప్పేవారు ఒక్క నిమిషం ఆగి ఆ లాస్ ఏంజెలస్ వీధులను తలుచుకోవాలని నా మనవి.

పిల్లలు చెప్పే "ఫ్రీగ ఉంటది" అన్న మాటను ఇంకొంచెం లోతుగా వినాలి. కొందరికి అది గాలి సంగతే. మరికొందరికి చూపుల సంగతి. పద్నాలుగు పదిహేనేళ్ల ఆడపిల్ల బస్సులో, కాలేజీ దారిలో ఎదుర్కొనే చూపులు మగవారికి తెలియవు. ఆకారం తెలియని అంగీలో ఆమెకు ధైర్యం దొరుకుతుందంటే, ఆ అంగీని తప్పుపట్టే ముందు ఆ చూపులను తప్పుపట్టాలి. లావుగా ఉన్న మగపిల్లవాడు కూడా అంతే. "ఏం తింటున్నవురా, డ్రమ్ములెక్కైతున్నవు" అని పెళ్లిలో మేనమామ నవ్వుతూ అన్న మాట వాడి ఒంట్లో ముల్లులాగా ఉండిపోతుంది. మరుసటి నెల వాడు రెండు సైజులు పెద్ద అంగీ కొంటాడు. ఇంట్లో అందరూ "ఫ్యాషను" అనుకుంటారు.

ఇందులో మరీ జాగ్రత్తగా చూడవలసినది ఒకటుంది. నడి వేసవిలో, ఇంట్లో కూడా పొడుగు చేతుల హుడీ విప్పని పిల్లలు, చేతులు మణికట్టు దాకా లాక్కుని కూర్చునే పిల్లలు, అన్నం దగ్గర మాట్లాడని పిల్లలు కనిపిస్తే "పిచ్చి వేషం" అని కసురుకోకండి. చాలామందికి అది అలవాటే కావచ్చు. కాని కొందరు తమను తాము గాయపరచుకున్న గుర్తులు దాచుకుంటారు. అటువంటి బిడ్డ చేతిని నలుగురి ముందు లాగి చూడవద్దు. ఒంటరిగా, తొందర లేకుండా కూర్చుని "ఏమైంది బిడ్డా" అని అడగండి, చెప్పింది వినండి, డాక్టరు దగ్గరకు తీసుకుపోండి. మానసిక సహాయం కోసం ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు. ప్రార్థన చేద్దాం, తప్పకుండా చేద్దాం. అయితే ప్రార్థన పేరుతో వైద్యాన్ని వాయిదా వేయవద్దు.

ఇక మన శ్రీసభ పెద్దలు బట్టల గురించి ఏమన్నారు? సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వీనాసువారి మహాగ్రంథంలో దుస్తుల మీద ఒక పూర్తి ప్రశ్న ఉందని తెలిసి మాకు ఆశ్చర్యం కలిగేది. గ్రంథం రెండవ భాగపు రెండవ విభాగంలో 169వ ప్రశ్న. 1274లో పరమపదించిన వారు అది రాశారు. ఘణపూరు కోటకు పేరిచ్చాడని చెప్పుకునే గోన గణపరెడ్డి కాలం కూడా ఆ 13వ శతాబ్దమే. వారు మొదట తేల్చిన మాట, తప్పు బట్టలో ఉండదు, వాడే మనిషి మితం తప్పడంలో ఉంటుందని. ఆ మితం తప్పడం రెండు విధాలు. చుట్టూ ఉన్నవారి ఆచారాన్ని లెక్కచేయకపోవడం ఒకటి, మనసు బట్టకు అతుక్కుపోవడం మరొకటి. ఆ అతుక్కుపోవడాన్ని వారు ఇంకా విడదీశారు. గొప్ప కోసం తొడిగేవారున్నారు. ఒంటి సుఖం కోసమే తొడిగేవారున్నారు. గొప్పా సుఖమూ లేకపోయినా పొద్దస్తమానం బట్టల ఆలోచనలోనే కాలం గడిపేవారున్నారు. అద్దం ముందు ఉదయం నలభై నిమిషాలు నిలబడే మన కుర్రవాణ్ణి వారు ఎక్కడ చూశారో!

నాకు మరీ నచ్చేది దాని తర్వాతి భాగం. బట్టల విషయంలో లోటు కూడా దోషమే అంటారు వారు. సోమరితనంతో ఎలాగంటే అలాగ తిరగడం ఒక లోటు. చిరిగిన బట్ట తొడిగి, "చూడండి, నేనెంత పట్టించుకోనో" అని దాన్నే గొప్పగా చెప్పుకోవడం రెండో లోటు. స్పార్టా నగరవాసుల మోటు దుస్తులలోనూ డాంబికం ఉందని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ అంతకుముందే అన్నాడు. మోకాలి దగ్గర కావాలని చింపిన ప్యాంటును నాలుగింతల ధర పెట్టి కొనేవారికి ఈ పాఠం సూటిగా తగులుతుంది.

ఈ కొలతతో మన ఓవర్‌సైజ్ అంగీని తూచి చూద్దాం. చుట్టూ ఉన్నవారి ఆచారానికి విరుద్ధమా? ఒళ్లంతా కప్పుతుంది, ఎవరినీ రెచ్చగొట్టదు, కాబట్టి కాదనే నా అభిప్రాయం. సత్యోపదేశ గ్రంథం 2524వ పేరా కూడా మర్యాద రూపాలు సంస్కృతిని బట్టి మారుతాయని ఒప్పుకుంటుంది. ఒంటి సుఖమా? ఎండలో చెమట ఆరాలనుకోవడం సుఖలాలస కాదు, బుద్ధి. ఇక గొప్ప కోసమా అంటే, అది అంగీని బట్టి చెప్పలేం, ఛాతీ మీది కంపెనీ గుర్తును బట్టి చెప్పవచ్చు. వీపంతా ఇంగ్లీషులో ఏదో రాసి ఉంటుంది. అర్థం ఏమిటని అడిగితే తొడిగినవానికే తెలియదు. కొన్నిటి అర్థం తెలిసిన ఉపదేశిగారు గుడిలో తల దించుకోవలసి వస్తుంది. కొనేముందు చదివించుకోండి నాయనా, అంతే.

2025 సెప్టెంబరు 7న జగద్గురువులు 14వ లియో పోపుగారు పునీతుడిగా ప్రకటించిన కార్లో అకుటిస్ సంగతి మీకు తెలుసు. పదిహేనేళ్లకే 2006లో మరణించిన ఆ ఇటలీ బాలుడి భౌతికకాయం జీన్సు, ట్రాకు జాకెట్టు, ఆటబూట్లతో అస్సీసిలోని సమాధిలో అద్దం వెనుక కనబడుతుంది. నిలువుటంగీలు, కిరీటాలు తొడిగిన పునీతుల స్వరూపాలకే అలవాటుపడిన మన కళ్లకు అది కొత్త. ఆ సమాధి ఉన్న దేవాలయం ఇంకో బట్టల కథకు కూడా గుర్తు. బట్టల వ్యాపారి పియెత్రో బెర్నార్దోనె కొడుకైన ఫ్రాన్సిస్, మేత్రాణుల ఎదుట ఒంటిమీది బట్టలన్నీ విప్పి తండ్రికి తిరిగి ఇచ్చివేసిన ఘట్టానికి అంకితమైన పుణ్యక్షేత్రం అది. ఒకాయన ఖరీదైన బట్టను వదిలి పునీతుడయ్యాడు, ఒకడు మన పిల్లలు తొడిగేటటువంటి బట్టలోనే ఉన్నాడు. కార్లో తనకు రెండో జత బూట్లు వద్దని, ఆ డబ్బు పేదలకు ఇమ్మని అనేవాడని అతని తల్లి చెప్పింది. ఆయన బూట్లను చూసి అలాంటివే కొనమనే పిల్లలకు ఆ రెండో జత సంగతి కూడా చెప్పండి.

దివ్యబలిపూజకు ఈ బట్టలతో రావచ్చునా అని చాలామంది అడుగుతారు. రోములోని పునీత పేతురు మహాదేవాలయంలో అడిగేది భుజాలు, మోకాళ్లు కప్పుకోమనే. ఉతికిన, గుర్తులూ పిచ్చి రాతలూ లేని వదులు అంగీ ఆ నియమానికి చక్కగా సరిపోతుంది. హుడ్డూ టోపీ మాత్రం గుడి గుమ్మంలోనే తలమీదినుంచి తీయాలి. పీఠం దగ్గర వాక్యం చదివేవారు, పూజలో సహాయం చేసే పిల్లలు అందరి కళ్లకూ ఎదురుగా ఉంటారు కాబట్టి వారికి కొంచెం ఎక్కువ శ్రద్ధ తగును. అయితే గుమ్మం దగ్గర నిలబడి బట్టలు చూసి పిల్లలను వెనక్కి పంపే పని సంఘ పెద్దలు పెట్టుకోవద్దు. మంచి బట్టల ధనికుణ్ణి ముందు కూర్చోబెట్టి, మాసిన బట్టల పేదవాణ్ణి నిలబెట్టే సంఘాన్ని యాకోబుగారు తన లేఖలో ఎంత గట్టిగా మందలించారో ఇంటికి వెళ్లి రెండవ అధ్యాయం తెరిచి చదవండి.

డబ్బు సంగతి చెప్పకుండా ఈ పాఠం పూర్తికాదు. పాలమూరు కూలీలు లేకుండా ఈ దేశంలో ఆనకట్ట లేదు, కాలువ లేదు అనే మాట ఊరికే పుట్టలేదు. ఈనాటికీ మన కుటుంబాల్లో ఎన్నిటి తండ్రులు హైదరాబాదులో, పుణెలో, ముంబైలో ఇటుకలు మోస్తున్నారు, సెంట్రింగు కడుతున్నారు! ఆ తండ్రి ఎండలో చిరిగిన బనీను మీద నిలబడి పంపిన డబ్బుతో కొడుకు పేరున్న కంపెనీ అంగీ వెయ్యి పదిహేను వందలు పెట్టి కొంటే, ఆ అంగీ ఎంత వదులైనా ఇంటికి బిగుతే. దీన్ని తిట్టి చెప్పకండి, లెక్క చెప్పండి. ఒక రోజు కూలి ఎంత, ఈ అంగీ ఎన్ని రోజుల కూలి అని పిల్లల చేతనే కాగితం మీద రాయించండి. పదహారేళ్ల పిల్లలకు లెక్క అర్థమవుతుంది, ఉపన్యాసం అర్థం కాదు. పైగా ఓవర్‌సైజ్‌లో ఒక సుగుణం ఉంది. అన్నది తమ్ముడికి, అక్కది చెల్లికి సరిపోతుంది. తండ్రిగారి పాత అంగీ కొడుక్కి ఇప్పుడు ఫ్యాషనే!

మరో ఉపాయం కూడా ఉంది. రెడీమేడ్ దుకాణాలు, ఫోను బేరాలు పెరిగాక మన ఊళ్లలో దర్జీల మిషన్లు జాకెట్లు, చినుగులు కుట్టడానికే మిగిలాయి. వెడల్పును బట్టి రెండు, రెండున్నర మీటర్ల పల్చటి చేనేత నూలు గుడ్డ తీసుకుని, పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని మీ దర్జీ దగ్గరకు వెళ్లండి. ఫోనులో నచ్చిన బొమ్మను వాడినే చూపించనివ్వండి. భుజం కుట్టు నాలుగు వేళ్లు కిందికి దించమనండి, చంకలో గాలి ఆడేటట్టు చేయి వెడల్పుగా పెట్టమనండి, అంచుకు రెండు పక్కలా చీలిక వదలమనండి, మెడ దగ్గర బిగించే పట్టీ వద్దనండి. నూలు మొదటి ఉతుకులో కుంచించుకుంటుంది కాబట్టి గుడ్డను ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఆ తర్వాతనే కత్తెర పెట్టమనండి.